మంచానికి మూడు జతలు

“అన్నీ పచ్చగా ఉన్నాయంటే నాకు భయంగా ఉందే బుజ్జీ,” అన్నాను.

మా అమ్మాయి గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. తలెత్తకుండానే, ఎర్రగా ఉంటే కదమ్మా భయపడాల్సింది, అంది. నేను భోజనం డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూశాను. ఎర్రగా ఉంటే ఏమైందో తెలుస్తుంది, వెళ్ళి చూసుకోవచ్చు. అన్నీ బాగున్నప్పుడే కీడు ఏ కిటికీలోంచి వస్తుందో తెలియదు. ఆ మాట అందామనుకున్నాను గాని, పొద్దున్నే ఎందుకులే అని ఊరుకున్నాను. మా ఆయన మాత్రం పేపరు వెనకనుంచి, మీ అమ్మ పెళ్ళిపీటల మీద కూడా వాన వస్తుందేమోనని గొడుగు పట్టుకుని కూర్చుంది, అన్నాడు. అది అబద్ధం. గొడుగు మా పిన్ని చేతిలో ఉంది. తెప్పించింది మాత్రం నేనే.

నేనూ మా అమ్మాయీ ఒకే చోట పని చేస్తాం. ఆసుపత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అద్దెకిచ్చే కంపెనీ అది. బట్ట కంపెనీదే. వాళ్ళు వాడుకుని మాసినవి పంపిస్తే మేం ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి తిరిగి పంపిస్తాం. నాది కింద స్టోర్‌లో పని. ఉతికొచ్చిన బట్టని అరల్లో పేర్చి, ఏ బండికి ఏది వెళ్ళాలో తీసివ్వాలి. నేను హైస్కూలు మధ్యలో ఆపేసినదాన్ని. మా అమ్మాయి పెద్ద చదువు చదివి, అదే కంపెనీలో పై అంతస్తులో అద్దాల గదిలో కూర్చుంటుంది. ఆమె పని కొలవడం. బట్టని కాదు, మమ్మల్ని.

పచ్చ అన్నది ఆమె పెట్టిన బోర్డు సంగతి. కింద హాల్లో గోడకి పెద్ద తెర ఉంటుంది, దాని మీద నాలుగు గళ్ళు. మొదటి గడి కస్టమర్లది: బట్ట వేళకి అందిందా, ఎవరైనా ఫిర్యాదు చేశారా. రెండోది పనిది: ఎంత చిరిగింది, ఎంత మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. మూడోది మనుషులది: ఎవరెంత కొత్తగా నేర్చుకున్నారు. నాలుగోది డబ్బుది. బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. మొదటి మూడూ ఎప్పుడు చూసినా పచ్చగానే ఉండేవి. నాలుగోది ఖాళీగా ఉండేది. అందులో ఏ లెక్క చూపించాలో పైవాళ్ళు ఎన్నాళ్ళకీ తేల్చుకోలేదు. పచ్చ వచ్చిన నెల అందరికీ జీతం మీద ఇంకాస్త పడేది కాబట్టి, ఆ ఖాళీ గడి ఎవరి కంటికీ ఆనలేదు.

ఇస్త్రీ యంత్రం దగ్గర ఒకావిడ ఉంది. వరస లేకపోయినా నాకు వదినే. ఆవిడే మా అమ్మాయికి బోర్డమ్మ అని పేరు పెట్టింది. మొదట్లో బోర్డమ్మ తల్లి వస్తోందని నన్ను చూసి గొంతులు తగ్గించేవాళ్ళు. తర్వాత నా మొహం చూసి, ఈవిడే అందరికన్నా ఎక్కువ భయపడుతోందని తెలిసి మానేశారు.

మూడో గడి ఎలా పచ్చగా ఉండేదో చెప్తే నవ్వొస్తుంది. నేర్చుకోవడమంటే భోజనాల గదిలో టీవీ ముందు కూర్చోవడం. అందులో ఒక పిల్ల చేతులు ఎలా కడుక్కోవాలో చూపిస్తుంది. మేం ఎంతసేపు కూర్చుంటే అంత నేర్చుకున్నట్టు. మేం తువ్వాళ్ళు మడుచుకుంటూ కూర్చునేవాళ్ళం, కొందరు కునికేవాళ్ళు. పాపం ఆ పిల్ల చేతికి ఏం అంటుకుందో గాని ఎన్నాళ్ళుగా కడుగుతున్నా వదలడం లేదు, అనేది వదిన.

నేను భయంగా ఉందన్న రోజునే పెద్దాయన కిందికి దిగాడు. కంపెనీ ఆయనది. ఎప్పుడో గాని కిందికి రాడు. ఆ మధ్య పాత యంత్రాలు పక్కకి నెట్టి పొడుగాటి కొత్త యంత్రం కొన్నారు. ఈ చివర మాసిన బట్ట వేస్తే ఆ చివర తెల్లగా బయటికొస్తుంది, మేం దాన్ని రైలు అంటాం. ఆయన రైలు చుట్టూ ఒకసారి తిరిగి, బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మా అమ్మాయిని పిలిపించాడు. ఆ రొదలో వినబడాలంటే ఎవరైనా అరవాల్సిందే గాని, ఆయన అరవడు. స్టోర్ గుమ్మంలోనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

“ఈ మూడూ ఇంత పచ్చగా ఉంటే నాలుగోది ఎందుకమ్మా ఎండిపోయింది? చేను ఏపుగా ఉందంటావు, గాదెలో గింజ కనబడదు. మధ్యలో దారి ఎక్కడ తెగిందో నాకు చూపించు.”

మా అమ్మాయి సరేనంది. నేను లోపలికి వచ్చి దిండు గలీబులు లెక్కపెట్టుకున్నాను. చెప్పానా అని ఎవరితోనూ అనలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన అడిగితే ఆమె విడమర్చి చెప్పింది. లాభం రెండు రకాలట. జీతాలు, కరెంటు, సబ్బు, డీజిలు అన్నీ పోగా మిగిలేది పైకి కనబడే లాభం. అది మా కంపెనీకి ఉంది. కానీ ఆ యంత్రాల్లో, బండ్లలో, బట్టల్లో బోలెడు డబ్బు ఇరుక్కుని ఉంటుంది కదా, ఆ డబ్బుకీ కూలి ఇవ్వాలట. దాని కూలి దానికి ఇచ్చేశాక కూడా ఏమైనా మిగిలితే అదీ అసలు లాభం. ఇకనుంచి నాలుగో గడిలో పెట్టేది అదే. పై మూడు గళ్ళలో ఉన్న ప్రతిదీ ఆ నాలుగో దానికి ఎలా చేరుతుందో, చేరకపోతే ఎందుకు చేరదో గీతలు గీసి చూపించాలి.

అప్పు తెచ్చిన డబ్బుకి వడ్డీ అంటే సరే, పెద్దాయన సొంత డబ్బుకి కూలేంటే, అన్నాను.

“ఆ డబ్బు ఇంకోచోట పెడితే ఊరికే ఉండదుగా అమ్మా, ఏదో ఒకటి తెచ్చేది. ఇక్కడ అదైనా తేవట్లేదంటే తిని కూర్చుంటోందనే కదా.”

“అంటే ఇల్లరికపు అల్లుడన్నమాట,” అన్నాడు మా ఆయన. “అప్పిచ్చినవాడు గుమ్మంలోకొచ్చి అడుగుతాడు. అల్లుడు అడగడు. అడగడు కదాని ఖర్చు లేదనుకుంటాం. కంచం మాత్రం పూటపూటా పెట్టాల్సిందే.”

మా అమ్మాయి నవ్వింది. రేపు మీటింగులో ఇదే చెప్తాను నాన్నా అంది. చెప్పింది కూడా. వారం తిరక్కుండా కంపెనీలో అందరి నోటా అదే మాట. పనిలేకుండా నిలబడ్డ బండిని చూస్తే అల్లుడు, ఎవరూ ముట్టుకోని పాత యంత్రాన్ని చూస్తే అల్లుడు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజూ తాడు మీద వేలాడి పని చేస్తాడు గాని దేనికీ భయపడడు. ఆయన సరదాకన్న మాటే. నాకు మాత్రం నవ్వు రాలేదు. అల్లుణ్ణి వెతకడం మొదలుపెడితే ఎవరింట్లో దొరుకుతాడో ఎవరికి తెలుసు అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఆమె ఇంట్లో నేలమీద పెద్ద కాగితం పరిచి గీతలు గీసేది. మనుషులు నేర్చుకుంటే బట్ట తక్కువ చిరుగుతుంది, అక్కణ్ణుంచి ఒక బాణం. చిరక్కపోతే వేళకి అందుతుంది, ఇంకో బాణం. వేళకి అందితే కస్టమరు నిలుస్తాడు. నిలిస్తే డబ్బు. ప్రతి బాణం పక్కనా ‘నిజమా?’ అని రాసి, అది నిజమో కాదో చూడటానికి కిందికి వచ్చేది.

మొదటి బాణం ఒక్కరోజే బతికింది. ఆమె భోజనాల గదిలోకి వచ్చి మాతోపాటు టీవీ ముందు కూర్చుంది. ఎవరూ కదల్లేదు. వదిన మాత్రం ఒక తువ్వాలు ఆమె ఒళ్ళో పడేసి, ఎలాగూ కూర్చున్నావు బోర్డమ్మా, ఓ చెయ్యి వెయ్యి, అంది. ఆమె మడిచింది. చేతులు కడుక్కునే పిల్ల కడుక్కుంటూనే ఉంది. మర్నాడు మూడో గడి ఎర్రగా మారింది. ఆ నెల ఎవరికీ జీతం మీద పడేది పడలేదు. నా వైపు చూశారు. నేను అరల వైపు చూశాను.

మిగతా బాణాలు నిలబడ్డాయి. ఒకరోజు బస్సులో నా భుజం మీద చెయ్యేసి, వేళకి ఇవ్వడం అన్నది నిజమైన బలం అమ్మా, ఒక్క ఆసుపత్రీ మనల్ని వదలకపోవడానికి అదే కారణం, అంది. నాకు ఆ పూట ఊపిరి తేలిగ్గా ఆడింది. దిగేటప్పుడు ఆమె మళ్ళీ అంది, కానీ బండి చెడిపోయినా, కరెంటు పోయినా ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదంటే ఎలా అమ్మా అని. అడిగింది నన్ను కాదు, తనలో తను. 

ఆ ఎలా అన్నది నా గదిలోనే ఉంది.

స్టోర్‌లో నేలనుంచి పైకప్పుదాకా ఇనప అరలు. వాటి మీద ఇంకో వరస, నన్ను అక్క అంటారు కాబట్టి దాన్ని అందరూ అక్క అటక అంటారు. కంపెనీ పెట్టిన రోజునుంచీ ఉన్న లెక్క మంచానికి మూడు జతలు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అరలో. నేను చేరిన కొత్తలో ఒకసారి బండి దారిలో ఆగిపోయింది. ఆసుపత్రినుంచి ఒక నర్సు ఫోను చేసి, మరి పేషెంటుని దేని మీద పడుకోబెట్టను అని అడిగింది. కోప్పడలేదు. ఊరికే అడిగింది.  ఫోను అలా పట్టుకుని నిలబడ్డాను, ఆవిడే పెట్టేసింది.

అప్పటినుంచి గుండె దడ వచ్చినప్పుడల్లా పైకి కబురు పెట్టేదాన్ని, దుప్పట్లు చాలవండీ అని. పైవాళ్ళు బోర్డు చూసేవాళ్ళు. మొదటి గడి పచ్చగా ఉంది, పచ్చగానే ఉండాలి. సంతకం పెట్టేవాళ్ళు. ఒక్కసారి కూడా వద్దనలేదు. మూడు జతలు నాలుగయ్యాయి, నాలుగు ఐదయ్యాయి, ఆ తర్వాత ఇంకా. ఇందులో దాపరికం ఏమీ లేదు. కొత్త కస్టమరు వస్తే పెద్దాయనే తీసుకొచ్చి, చూడండి మా స్టోరు అని నా అరలు చూపించేవాడు. నేను దాచలేదు. పేర్చాను.

నాతోపాటు స్టోర్‌లో ఇంకో ఆమె ఉంది. నిట్టనిలువుగా, సన్నగా ఉంటుంది, అందుకని కొలబద్ద అంటారు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చచ్చినా చేయదు. ఒకసారి నన్ను అడిగింది, అక్కా ఇవన్నీ ఎప్పుడు బయటికెళ్తాయి అని. అవసరం వచ్చినప్పుడు అన్నాను. అవసరం ఎప్పుడొస్తుంది అంది. రాకూడదనే కదమ్మా ఇవన్నీ, అన్నాను. ఆమె సరే అక్కా అని తన పని చూసుకుంది.

బస్సులో ఆ మాటన్న మర్నాడు మా అమ్మాయి వచ్చి నిచ్చెన వేసుకుని అటక దాకా ఎక్కింది. పడతావేమో జాగ్రత్తే, అంటూ నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఆమె పైవరసలోంచి ఒక దుప్పటి లాగి విప్పింది. ఇంకా ఎవరూ వాడని బట్ట, ఎప్పుడు మడిచిందో, మడత పొడవునా పసుపుపచ్చ గీత పడి ఉంది. దాని మీద వేలు పెట్టి అలా చివరిదాకా నడిపించింది. ఇవి ఎప్పుడైనా మంచం ఎక్కాయా అమ్మా అంది. అవసరం రాలేదు, మంచిదే కదా, అన్నాను.

దిగి వచ్చి ఒక కట్ట మీద కూర్చుంది. ఒక రాత్రి ఎవరి ఒంటి కిందో పరుచుకుంటేనే దుప్పటి కూలి చేసినట్టట. అరలో ఉన్నంతసేపూ తింటుందంతే. నాతో చెప్తున్నట్టు లేదు, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత, బోర్డు వేళకి ఇవ్వండని మాత్రమే అడిగింది, దేంతో ఇస్తున్నారని అడగలేదు, అంది. ఆ బోర్డు ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ దుప్పటిని మళ్ళీ మడవడానికి ప్రయత్నించింది. గీత మీదనుంచి మడవాలో, కొత్తగా మడవాలో తోచలేదనుకుంటా. నేను తీసుకుని మడిచాను.

ఆ నెలాఖరుకి నాలుగో గడి నిండింది. ఎరుపు. పక్కనే గీతలు కూడా చూపించారు. రైలు సగం కడుపుతో తిరుగుతోందని ఒక గీత, నిలబడ్డ రెండో బండి మీదనుంచి ఒక గీత. అన్నిటికన్నా లావుపాటి గీత మొదటి గడిలో ‘వేళకి’ అన్న మాట దగ్గర బయలుదేరి, స్టోరు మీదుగా డబ్బు గడిలోకి దిగింది. అందరూ అన్నం తినడం ఆపి హాల్లోకి వచ్చి చూశారు.  అల్లుడు దొరికాడు.

పైన ఏం తేల్చారో టీ గ్లాసులతోపాటు కిందికి వచ్చింది. టీ ఇచ్చే మనిషి వదినకి చెప్పాడు, వదిన నాకు చెప్పింది. మూడు జతలకి మించి ఉన్నదంతా అమ్మేస్తారు. ఇకమీదట కొత్త దుప్పటి కావాలంటే దాని కూలి స్టోరు లెక్కలో పడుతుంది. ఇంత చిన్న స్టోరుకి ఇద్దరెందుకు, వచ్చే నెలనుంచి ఒకరు చాలు. ఉండే ఆ ఒకరు ఎవరని అడిగితే పెద్దాయన, లెక్క నీది, పేరూ నువ్వే చెప్పు అని మా అమ్మాయి మీద పెట్టాడట. వదిన ఇదంతా చెప్పి నా చెయ్యి పట్టుకుంది. కన్నకూతురు కదా, ఏం కాదులే, అంది. కన్నకూతురు కాబట్టే నాకు భయం వేసింది. ఆ భయం కూడా అంతకుముందు వేసేలా వేయలేదు. దూరంగా ఎవరింట్లోనో గిన్నె పడినట్టు వినబడిందంతే.

మా ఆయన సంపాదనతో ఇల్లు నడుస్తుంది. నా జీతం లేకపోతే పస్తులుండం. నాకు కావాల్సింది ఆ గది. నేను గ్యాసు కట్టేశానా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. అగ్గిపెట్టెలు మూడు చోట్ల పెట్టుకునేదాన్ని. మా అమ్మాయి కాలేజీనుంచి ఆలస్యమైతే బస్టాపులో నిలబడి, వచ్చే ప్రతి బస్సులోనూ ఆమె లేదని చూసుకునేదాన్ని. స్టోర్‌లో ఉంటే భయం వేసినప్పుడు దాన్ని మడిచి ఒక అరలో పెట్టొచ్చు. మర్నాడు చూస్తే అక్కడే ఉంటుంది, తెల్లగా, చతురస్రంగా. ఇంట్లో కూర్చుంటే ఎక్కడ పెట్టను?

ఆ సాయంత్రం ఆమె కంచం కడుగుతుంటే వెనక నిలబడి అడిగాను.

“నా పేరు చెప్పావా, కొలబద్ద పేరు చెప్పావా?”

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కంచం ఎప్పుడో తెల్లబడింది. ఆమె కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, నా పక్కనుంచి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి అన్నీ మాట్లాడేది, అదొక్కటి తప్ప. గ్యాసు బుక్ చేశావా అనేది. కిటికీ తెర మార్చాలమ్మా అనేది. బస్సులో పక్కనే కూర్చుని కిటికీలోంచి చూసేది. నేను రకరకాలుగా ఊహించుకున్నాను. ఆమెనే తీసేశారేమో. పెద్దాయన ఏదైనా అన్నాడేమో. ఒంట్లో బాగాలేదేమో, చెప్పడం లేదేమో. ఇదివరకైతే ఇన్ని ఊహలతో నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కొక్కటీ వచ్చి నిలబడి, నేను పలకకపోతే వెళ్ళిపోయేవి. మా ఆయన్ని అడిగితే, అడగకు, చెప్పాల్సింది ఉంటే అదే చెప్తుంది అన్నాడు. చెప్పకపోతే అన్నాను. చెప్పకపోతే అదీ చెప్పినట్టేగా, అని పేపరు తిప్పాడు.

అమ్మేసిన బట్ట తీసుకెళ్ళడానికి లారీ వచ్చింది. కొలబద్ద నిచ్చెన మీదనుంచి కట్టలు అందిస్తే, నేను కింద అందుకుని లారీ మనుషులకి ఇచ్చాను. అక్క అటక ఖాళీ అయింది, తర్వాత పై అరలు, తర్వాత మధ్యవి. గోడ కనబడింది. ఆ గోడకి ఏ రంగు వేశారో నాకు అప్పటిదాకా తెలియదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ మీద వేలు పెడితే అది మనదేనని వేలికి తెలుస్తుంది గాని దవడకి తెలియదు. అలా ఉన్నాను. వదిన మంచినీళ్ళు తెచ్చి, ఏడవాలంటే ఏడువు వదినా, ఎవరూ ఏమీ అనుకోరు, అంది. నాకేం కాలేదు వదినా అన్నాను. నిజంగానే ఏం కాలేదు. ఇంకెవరో, అల్లుళ్ళు అత్తారింటినుంచి సామాన్లు సర్దుకుంటున్నారు అన్నారు. అందరూ నవ్వారు. నవ్వాలి కాబట్టి నేనూ నవ్వాను.

మూలన చక్రం విరిగిన ట్రాలీ ఒకటి ఉంది. మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది. లారీ మనిషి అటు తిరిగినప్పుడు నా చేతులు కొన్ని కట్టలు తీసుకెళ్ళి దాని కింద పెట్టాయి. పెట్టాలని నేను అనుకోలేదు. పొయ్యి కట్టేశాక కూడా ఇంకోసారి తిప్పి చూస్తామే, అలా. కొలబద్ద నిచ్చెన మీదనుంచి చూసింది. చెప్పమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం బాయిలర్ ఆగిపోయింది.

ఆవిరి లేకపోతే మా దగ్గర ఏదీ నడవదు. రైలు నిలిచిపోయింది, ఇస్త్రీ యంత్రం చల్లబడింది. ఇన్నేళ్ళుగా నేను ఆ రొదలోనే పని చేశాను. అది ఆగాక గోడ గడియారం వినబడింది. నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా ఉంది. మెకానిక్కు సుత్తితో గొట్టం మీద కొడుతున్నాడు. అంతలో స్టోర్ ఫోను మోగింది.

ఇప్పుడు ఫోను తీయాల్సింది కొలబద్ద, అలా చెప్పారు. ఆమె విని, పేపరు మీద రాసుకుని, సరేనండీ అని పెట్టేసింది. పెద్ద ఆసుపత్రినుంచి. పైకప్పు కారుతోందని ఒక వార్డు మొత్తం ఇంకో చోటికి మారుస్తున్నారు, అన్ని మంచాలకీ ఒకేసారి కొత్త జతలు కావాలి, వెంటనే. నేను గోడకి ఆనుకున్నాను. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఇదే. బాయిలర్ లేదు, ఉతుకు లేదు, అరలో ఒక్క జత లెక్కనే ఉంది. ఆ నర్సు గొంతు నాకు మళ్ళీ వినబడుతుందనుకున్నాను.

కొలబద్ద ఒక్కొక్క అరా దింపింది. ట్రాలీలు నింపింది. బండి వెనక తలుపు మూసేసరికి అరల్లో అట్టడుగు వరస మిగిలింది. ఆమె చేతులు దులుపుకుని, సరిపోయింది అక్కా, అంది. బండి వెళ్ళిపోయింది. నేను ఇంకో ఫోను కోసం చూశాను. రాలేదు. చాలలేదని ఎవరూ అనలేదు. టార్పాలిన్ కింద కట్టలు అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ అడగలేదు. నేను భయపడింది వచ్చింది, గుమ్మంలో నిలబడింది, సరిపోయిందని వెళ్ళిపోయింది. నాకు సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. ఇందుకా అన్నట్టుగా కూడా అనిపించలేదు. కాళ్ళు నొప్పి పుట్టినట్టు మాత్రం తెలిసింది.

కొలబద్ద టీకి వెళ్ళింది. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఖాళీ అరల్ని పైనుంచి కిందికి చూసింది. సరిపోయిందట, అన్నాను. తల ఊపింది. కూర్చోవడానికి ఏదీ కనబడక, మూలనున్న ట్రాలీ అంచు మీద కూర్చుంది. విరిగిన చక్రం వైపు అది ఒరిగింది. టార్పాలిన్ జారింది.

ఆమె కట్టల్ని చూసింది. నన్ను చూడలేదు. పైన ఉన్న దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకుని, మడత మీద ఉన్న పసుపు గీతని బొటనవేలితో రుద్దింది. అది పోయేది కాదు. మళ్ళీ కట్ట మీద పెట్టి, టార్పాలిన్ లాగి కప్పి, అంచులు సరిచేసింది. చిన్నప్పుడు బొమ్మకి కప్పినట్టు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నా బరువుకి ట్రాలీ ఇంకాస్త ఒరిగింది గాని పడలేదు.

“చెప్పవే బుజ్జీ,” అన్నాను. “ఉండేది నేనా, అదా?”

గడియారం నడుస్తోంది. గొట్టం మీద సుత్తి రెండుసార్లు మోగి ఆగింది. ఎవరో హాల్లో దగ్గారు. ఇలాంటప్పుడు నేను ఏదో ఒకటి అనేసేదాన్ని, పోనీలే, తర్వాత చెప్పు అని. ఈసారి అనలేదు. నా చేతులు నా ఒళ్ళో ఉన్నాయి. వాటికి మడవడానికి ఏమీ లేదు. బోర్డు మీద మొదటి గడి గుమ్మంలోంచి కనబడుతోంది, పచ్చగానే ఉంది. సుత్తి మళ్ళీ మోగుతుందేమోనని చూశాను. మోగలేదు. ఆమె చెయ్యి టార్పాలిన్ మీదనుంచి తీయలేదు.

“దాని పేరే చెప్పానమ్మా,” అంది. “నువ్వు అడగకముందే, ఆ రోజే చెప్పేశాను. నువ్వుంటే అరలు మళ్ళీ నిండుతాయి.”